భీమిలి ఓడలు కదలవు

ఆ ఆట మా ఇంటికి ఒక జాడీ ఆవకాయకి బదులుగా వచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప మొగుడు, అంటే మా బావ, హార్బర్‌లో గుమాస్తా. ఓడలోంచి దిగిన సరుకు రాసుకోవడం అతని పని. ఎక్కడిదో ఒక ఓడలో వంటవాడు అప్ప పెట్టిన ఆవకాయ రుచి చూసి, కళ్ళనీళ్ళు కారుతున్నా చెయ్యి ఆపలేక, జాడీ మొత్తం ఉంచేసుకున్నాడట. బదులుగా మూత చిరిగిన అట్టపెట్టె ఒకటి బావ చేతిలో పెట్టాడట.

"వైకుంఠపాళి లాటిదేదో అనుకున్నాను బావా. పాచికలు కూడా లేవు. మోసపోయినానేటి?" అంటూ బావ ఆ పెట్టె తెచ్చి నా మంచం మీద పడేశాడు.

పాచికలు లేకపోవడమే దాని గొప్ప. లోపల యూరప్ పటం, సైన్యాలకీ ఓడలకీ చెక్కముక్కలు, ఒక ఇంగ్లీషు రూల్సు పుస్తకం. ఏడుగురు ఏడు దేశాలు పుచ్చుకోవాలి. ప్రతి టర్నుకీ ముందు కాసేపు మాటలు: నువ్వు నాకు సాయం చెయ్యి, నేను నీకు చేస్తాను, ఇద్దరం కలిసి వాడి పని పడదాం. తర్వాత ఎవరి ఆర్డర్లు వాళ్ళు చీటీ మీద రహస్యంగా రాసి డబ్బాలో వేయాలి. చీటీలన్నీ ఒకేసారి విప్పి చదువుతారు. ఎవడు మాట నిలబెట్టుకున్నాడో, ఎవడు వెన్నుపోటు పొడిచాడో అప్పుడు బయటపడుతుంది. ఒంటరిగా ఎవరూ ఎవరినీ కదపలేరు, ఇంకొకరి సాయం ఉండాలి. అంటే నమ్మక తప్పదు, నమ్మితే మునగక తప్పదు. ఇలాంటి ఆటని మన తెలుగువాళ్ళు కనిపెట్టకుండా ఎలా వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

తొంభైల చివరి సంవత్సరాలవి. నేను స్టీల్‌ప్లాంటులో టెక్నీషియన్ని. మా క్వార్టర్స్‌లో ఏడుగురం పోగై, ఆఫ్ దొరికినప్పుడల్లా ఆడేవాళ్ళం. మాలో పెద్దాయన మా ఫోర్‌మన్ గారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, ఇరవయ్యేళ్ళ సర్వీసు, డ్యూటీలో నోరు విప్పితే సేఫ్టీ గురించే. అలాంటాయన ఆటలో నా భుజం మీద చెయ్యేసి, "మనిద్దరం ఒకటేనండి, ఆయ్," అని, ఆ చేత్తోనే నా రాజధాని పట్టుకుపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకు రెట్టింపు ఆనందం కూడా వచ్చింది. ఇంటికెళ్ళి అన్నం తింటూ ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే మా ఆవిడ దిష్టి తీసింది.

ఏడుగురికే ఇంత గోలయితే ఇరవయ్యొక్క మంది ఆడితే ఎలా ఉంటుంది? ఈ పురుగు నా బుర్రలో దూరింది. దూరిందంటే మామూలుగా కాదు. రెండేళ్ళపాటు ఇంట్లో ఖాళీ కాగితం మిగలనివ్వలేదు. మొదట యూరప్ పటాన్నే పెద్దది చేసి గీశాను. మా క్రేన్ ఆపరేటరు ఒకడున్నాడు, సబ్బవరం దగ్గర వ్యవసాయ కుటుంబం, ఊరందర్నీ బావా అంటాడు, నోట్లో నువ్వుగింజ నానదు. వాడు ఆ పటం చూసి పెదవి విరిచాడు.

"ఈ ఊళ్ళెవుడికి తెల్సు బావా? మనూళ్ళు పెట్టు. సబ్బవరం నాకిచ్చీ, నాను గాజువాక తగలెట్టీకపోతే అడుగు."

అంతే! ఆ పూటే యూరప్‌ని చింపేశాను. తుని నుంచి ఇచ్ఛాపురం దాకా మన కోస్తా అంతా గీసి, ఇరవయ్యొక్క రాజ్యాలు చేశాను. సబ్బవరానికి రెండు సైన్యాలు. గాజువాకకి సైన్యమూ ఓడా. భీమిలికి రెండు ఓడలు. మధ్యలో ఎవరికీ చెందని స్థావరాలు బోలెడు, ఒక్కోటి పట్టుకున్నకొద్దీ ఒక్కో సైన్యమో ఓడో పెరుగుతుంది. ఈ పటాన్ని, టపాలో ఇలాంటి ఆటలు ఆడించే ఒక చిన్న పత్రికకి పంపాను. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒకాయన సొంతంగా నడిపేవాడు. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. పటం బాగుంది, కానీ గీసిందల్లా ఆట అయిపోదు, ఇరవయ్యొక్క రాజ్యాలూ మొదటి నుంచి చివరి దాకా ఆడిన రికార్డు పంపు, ఫలితం ఒప్పుకుంటున్నట్టు ఇరవయ్యొక్క సంతకాలూ దాని కింద ఉండాలి, అప్పుడు నీ పేరుతో అచ్చువేస్తాను అన్నాడు.

నా పేరు అంతవరకూ అచ్చులో పడింది పెళ్ళి శుభలేఖ మీద, అదీ తప్పుగా. ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. చెమటకి తడిస్తే ఫ్యాను కింద ఆరబెట్టుకున్నాను. ఏమైనా సరే, ఆ ఇరవయ్యొక్క సంతకాలు సంపాదించాలి.

కమ్యూనిటీ హాలు ఒక్క ఆదివారానికి దొరికింది. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా. ప్లాంటు అలవాటు ప్రకారం అందరూ దీన్ని ట్రయల్ రన్ అన్నారు. ఆదివారమైనా ఫర్నేసు ఆగదు కదా, సగం మందికి డ్యూటీలున్నాయి. మధ్యాహ్నం డ్యూటీ ఎక్కే బి షిఫ్ట్ వాళ్ళు ఒంటిగంట బస్సుకి వెళ్ళిపోవాలి. పొద్దున్నే ఎక్కిన ఎ షిఫ్ట్ వాళ్ళు రెండున్నరకి గాని రారు. ఆ గంటన్నరా భోజనాలకి వదిలేశాను. దానికీ మార్గం ఆలోచించాను. ప్లాంటులో ఎలాగో ఇక్కడా అలాగే: డ్యూటీకి వెళ్ళే ప్రతివాడి రాజ్యానికీ ఒక రిలీవరు. ఒకడు దిగితే ఇంకొకడు ఎక్కుతాడు. వచ్చేవాడికి తెలియడానికి ఒక్కో రాజ్యానికి ఒక్కో నోట్‌బుక్కు కొని, మీద 'లాగ్ బుక్' అని నా చేత్తో రాశాను. ఎంత తెలివైన ఏర్పాటో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. రూల్సు కాగితంలో కూడా స్పష్టంగా రాశాను: నోటితో ఎంతైనా బొంకవచ్చు, చీటీలో రాసిందే చెల్లుతుంది. లాగ్ బుక్కు గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

పొద్దున్న ఆ హాలు చూడాలి! నాలుగు టేబుళ్ళు కలిపి పరిచిన పటం, చుట్టూ ఇరవయ్యొక్క మంది పెద్దమనుషులు, పిల్లల తండ్రులు, స్తంభాల వెనక ఇద్దరేసి ముగ్గురేసి గుసగుసలు. అనకాపల్లివాడు తునివాడి చెవిలో, తునివాడు నర్సీపట్నంవాడి చెవిలో. బాత్‌రూములో కూడా సంధి ఒప్పందాలు జరిగాయి. చీటీలు విప్పినప్పుడల్లా కేకలు, తిట్లు, "నీ దుంప తెగ!" అంటూ కౌగిలింతలు. నేను అంపైర్ని. విజిల్ ఊది ఊది బుగ్గలు నొప్పెట్టాయి. సంతోషం పట్టలేక ఒకసారి అకారణంగా కూడా ఊదాను.

ఒంటిగంట కావస్తుండగా మా అప్ప పులిహోర గిన్నెలతో ఆటోలో దిగింది. అప్పుడే వాచ్‌మన్ గదిలో ఫోను మోగింది. సాయంత్రం రావలసిన ఓడ ముందే రేవులోకి వచ్చేసింది, బావ వెంటనే రావాలి. బావ చేతిలో ఉన్నది భీమిలి. అతనికి రిలీవరు లేడు. ఇరవయ్యొక్కటికి ఒక్కటి తగ్గినా నా రికార్డు చెల్లదు.

"నువ్వాడు," అన్నాడు బావ అప్పతో, స్కూటరు తాళం వెతుక్కుంటూ.

"నాకేటి తెల్సు?"

"అబద్ధాలాడ్డం. అంతే."

"ఓస్, అంతేనేటి," అని కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది.

బి షిఫ్ట్ వాళ్ళు బుద్ధిగా లాగులు రాశారు, వాళ్ళని చూసి ఉండిపోయేవాళ్ళూ రాశారు. ప్లాంటు లాగ్ బుక్కు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. దిగిపోయేవాడు ఏది నడుస్తోందో, ఏది ఆగిందో, ఎక్కడ ప్రమాదముందో అందులో రాస్తాడు. లైను ఆపామని, మా మాటలో 'షట్‌డౌన్' అని, రాస్తే ఆపినట్టే. ఆ మాట నమ్మి ఇంకొకడు లోపల చెయ్యి పెడతాడు. అందుకే ఇంట్లో పెళ్ళాంతో, బజార్లో స్నేహితుడితో, యూనియన్ మీటింగులో వెయ్యి అబద్ధాలాడేవాడు కూడా లాగులో ఆడడు. పెన్ను పట్టుకోగానే చెయ్యి దానంతటదే నిజం రాస్తుంది. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎక్కేవాడు తన లాగొక్కటే కాదు, అటూ ఇటూ పక్క సెక్షన్ల లాగులు కూడా చదివాకే పని ముట్టుకుంటాడు.

రెండున్నరకి ఎ షిఫ్ట్ దిగింది. ఒక్కొక్కడూ తన రాజ్యం ముందుకొచ్చి లాగ్ చదివాడు. తర్వాత ఎడమ పక్కది. తర్వాత కుడి పక్కది. ఇందులో తప్పుందని ఒక్కడికీ తోచలేదు, పులిహోర తింటున్న నాకైతే అసలే తోచలేదు. సబ్బవరం పుచ్చుకోవడానికి వచ్చిన మా క్రేన్ ఆపరేటరే ముందు గావుకేక పెట్టాడు.

"ఒరే! అనకాపల్లోడు మన్ని పొడిసీడానికి ముహూర్తం పెట్టీసినాడ్రా! టైముతో సహా రాసీసినాడు!"

ఇంతలో ఆ రోజు ఆఫ్ కాబట్టి పొద్దుటి నుంచీ పక్కనే గాజువాక ఆడుతున్న మా ఫోర్‌మన్ గారు కళ్ళజోడు పెట్టుకుని సబ్బవరం లాగు పైకి చదవడం మొదలెట్టారు. "గాజువాకపై దాడి చేయబోమని మాట ఇవ్వడమైనది. సదరు మాట అబద్ధం. మూడు గంటల టర్నులో గాజువాకపై పడవలెను." ఆయన పుస్తకాన్ని బల్ల మీద పడేశారు. "ఏవండీ, పొద్దున్న సబ్బవరం ఆడినోడు నా ఇడ్లీలు తిని మరీ బస్సెక్కాడండి!"

ఇక చూసుకోండి. ఇరవై పుస్తకాల్లో ఇరవై కుట్రలు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో, కింద తేదీ, సంతకం. ఎవరి గోతులు ఎవరు తవ్వారో అన్నీ బట్టబయలు. అరుచుకోవడం మొదలుపెట్టి, నడిమధ్యలో ఒకడికి నవ్వు తగులుకుంది. అది అందరికీ అంటుకుంది. గోడకి జారగిలబడి, కడుపు పట్టుకుని, నేల మీద కూర్చుని నవ్వారు. నేనూ నవ్వాను గాని, చెయ్యి జేబులో ఉత్తరం మీదకి పోయింది. అందరి గుట్టూ తెలిసిపోయాక ఇంకేం ఆట? ఏం రికార్డు?

కానీ ఆట ఆగలేదు. ఆపనిది మా అప్ప. ఆ లాగులన్నిటిలో కుట్ర లేనిది భీమిలిదొక్కటే. అందరూ రాస్తున్నారు కదా అని తనూ రాసింది: 'భీమిలి ఎవరి మీదకీ వెళ్ళదు. ఇచ్చిన మాట తప్పదు.' దాంతో రాజులందరూ వచ్చి తన చుట్టూ చేరారు. ఎవరి మీద ఎవరికీ నమ్మకం లేదు, అప్ప మీద అందరికీ ఉంది. ఈ స్థావరం ఎవరికివ్వాలి, నా ఓడ ఎటు పంపమంటావు, వీడు చెప్పేది నిజమేనా అప్పా అని అడగడమే. మూడు టర్నులు అన్నమాట అన్నట్టే జరిపింది. ప్రతి టర్నుకీ ముందు లాగు రాసి, అందరికీ కనబడేలా తెరిచి పెట్టింది. రాసినట్టే చేసింది. ఎవరికి సాయం చేసినా దారిలో ఒక ఖాళీ స్థావరం తనకి కలిసొచ్చేది.

మధ్యలో మంచినీళ్ళకి లేచి నా దగ్గరకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"తమ్ముడా, ఇంట్లో సాంబార్లో ఉప్పు తక్కువైందని నాను సెప్పినా ఎవులూ ఇనరు. ఇక్కడ ఇరవై మంది మగోళ్ళు సెవులొగ్గి ఇంటన్నారు. రోజూ ఇలాగే ఉంటే ఎంత బాగున్ను!"

ఆఖరి టర్ను వచ్చింది. ఆరు గంటలకి ఎవరి చేతిలో ఎక్కువ స్థావరాలుంటే వాళ్ళది గెలుపు. గాజువాకకి తొమ్మిది, భీమిలికి ఆరు. అప్ప లాగ్ బుక్కు ముందుకు లాక్కుని, మిగతా లాగుల్లో చూసిన మాటలు గుర్తు చేసుకుంటూ తీరిగ్గా రాసింది: 'భీమిలి ఓడలన్నీ షట్‌డౌన్ తీసుకోవడమైనది. ఈ టర్నులో కదలవు.' ఫోర్‌మన్ గారు అది చదివి తల పంకించారు. షట్‌డౌన్ అన్న మాట లాగులో పడితే దేవుడొచ్చి చెప్పినా వాళ్ళకిక అనుమానం ఉండదు. తన తీరం కాస్తున్న రెండు సైన్యాలనీ సబ్బవరం మీదకి పంపుతూ చీటీ రాసేశారు. ఆయన తల పంకించడం చూసి ఇంకో ఇద్దరు కూడా కాపలాలు ఎత్తేశారు.

డబ్బా విప్పి చీటీలు చదువుతున్నాను. భీమిలి చీటీ వచ్చేసరికి నా గొంతు కీచుమంది. ఓడలన్నీ కదిలాయి. అన్నీ దక్షిణానికే! గాజువాకవి రెండు స్థావరాలు, కాపలా ఎత్తేసిన ఆ ఇద్దరివి ఒక్కొక్కటి పట్టేశాయి. పది స్థావరాలు భీమిలికి, సబ్బవరం కూడా దక్కక ఏడే గాజువాకకి.

అప్ప ఒక్కతే చప్పట్లు కొట్టి, "గెలిసీసినానేటి? గెలిసీసినాను కదేటి?" అని కుర్చీలోంచి లేచి గెంతింది. నలభై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, చిన్నపిల్లలా గెంతింది.

ఫోర్‌మన్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది చెల్లదండి."

"నోటితో బొంకవచ్చని రూలు కదా సార్," అన్నాను.

"నోటితో అన్నారు. లాగులో అన్లేదు. లాగులో అబద్ధం రాసినోళ్ళ కింద నేను సంతకం పెట్టనండి. ఇరవయ్యేళ్ళ సర్వీసులో పెట్టలేదు, ఇప్పుడూ పెట్టను."

"నిజమే బావా," అన్నాడు క్రేన్ ఆపరేటరు. వచ్చినప్పటి నుంచి నవ్వుతూనే ఉన్న వాడి మొహం కూడా మాడిపోయింది. "షట్‌డౌన్ అని రాసీసి లైన్ వదిలీడమేటి? పానాలు పోవా?" ఒక్కొక్కడూ తల ఊపాడు. ఆఖరి టర్ను కొట్టేయండి, గాజువాక గెలిచినట్టు రాయండి, అందరం సంతకాలు పెడతాం అన్నారు. ఆరు దాటి పది నిమిషాలైంది. వాచ్‌మన్ తాళంచెవులు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు.

ఇక్కడ నేను చేసింది చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, అయినా చెప్పాలి. రూలు రాసింది నేను. తప్పు నాది. ఆట ప్రకారం గెలిచింది మా అప్ప. అదంతా తెలిసీ నాకు కనబడింది ఆ ఇరవయ్యొక్క సంతకాలే. అప్ప దగ్గరకి వెళ్ళి చిన్న గొంతుతో, "అప్పా, ఆఖరి టర్ను కొట్టేద్దాం. ఆటే కదా," అన్నాను.

తను గెంతడం ఆపేసింది. నా జేబులోంచి పైకి కనబడుతున్న ఉత్తరం వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. "ఆ కాగితం నీకంత కావాలేటి?" అంది. తల ఊపాను. "సర్లే, పోనీ," అంది. ఆ రెండు ముక్కలకి నా ప్రాణం చివుక్కుమంది, అయినా పెన్ను తీసి అందించాను. తను కూర్చుని లాగ్ బుక్కు తెరిచి, ఒక్కో అక్షరమే రాసి, కింద సంతకం కూడా చేసి, పుస్తకాన్ని ఫోర్‌మన్ గారి ముందుకు తోసింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. 'భీమిలి ఓడిపోయినది. గాజువాక గెలిచినది.' ఇంకోసారి చదివారు. సంతకాల కాగితం అందుకుని, పెన్ను మూత తీసి, ఆగిపోయారు. మళ్ళీ లాగు వైపు చూశారు. ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నారేమో అని భయపడ్డాను.

"ఏవండీ," అన్నారు, నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుని, "ఈ అమ్మగారు లాగులో రాసింది నమ్మితే ఏమవుద్దో ఇందాకే కదండీ చూశాం? ఓడలు కదలవని రాసింది, కదిలినాయి. ఇప్పుడు గాజువాక గెలిచిందని రాసింది. అంటే గాజువాక పోయినట్టేనండి! ఆయ్!"

హాలు ఎగిరిపోయింది. క్రేన్ ఆపరేటరు టేబులెక్కి, "భీమిలీ! భీమిలీ!" అని కేకలు పెట్టాడు. ఫోర్‌మన్ గారు సంతకాల కాగితం మీద తనే 'గెలుపు: భీమిలి' అని రాసి, దాని కింద టకటకా మొదటి సంతకం పెట్టేసి, అప్పకి రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. పెన్ను చేతులు మారింది. పదిహేను, పద్దెనిమిది, ఇరవై. అప్ప సంతకంతో ఇరవయ్యొకటి. వాచ్‌మన్ కూడా పెడతానన్నాడు.

తను నిజంగా నా కోసం ఓడిపోదామనే ఆ ముక్క రాసిందో, అదీ ఎత్తేనో ఇన్నేళ్ళయినా నాకు చెప్పలేదు. ఆ క్షణంలో నాకది అక్కర్లేదు కూడా. నేను గెంతుతూ కాగితం అందుకోబోయాను, కింద అంపైరుగా నా సంతకం ఒక్కటే మిగిలింది. అప్ప దాని మీద చెయ్యి వేసి అట్టే పెట్టింది.

"ముందు నాకేటి సెప్పాలో సెప్పు."

ఇరవై మంది చూస్తున్నారు. "తప్పయిపోయింది అప్పా. గెలిచింది నువ్వే. నేను నీ పక్కన నిలబడాల్సింది," అన్నాను.

"నోటితో కాదు," అంది అప్ప, లాగ్ బుక్కు నా వైపు తిప్పి, పెన్ను నా చేతిలో పెడుతూ. "ఇందులో రాయి."

రాశాను.